పెట్టుపోతల మీద పన్ను

మన భాషలో జీతం అన్న మాట ఒంటరిగా ఉండటానికి ఇష్టపడదు. దాని పక్కన బత్తెం వచ్చి కూర్చుంటుంది. జీతబత్తేలు అంటాం. జీతం అంటే చేతికి వచ్చే డబ్బు. బత్తెం అంటే తిండికని ఇచ్చే గింజలు, లేదా ఆ గింజలకు బదులిచ్చే రొక్కం. మనిషి చేత పని చేయించుకున్నందుకు ఇచ్చేదంతా డబ్బు రూపంలోనే ఉండదని మన పెద్దవాళ్ళకు ఏ ఆదాయపు పన్ను ఆఫీసరూ చెప్పకుండానే తెలుసు. పాలేరుకు ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం, ఒక పంచెల చాపు, ఒక కంబళి, చెప్పుల జత అని ముందే మాట్లాడుకునేవారు. చాకలికీ, మంగలికీ, కుమ్మరికీ కళ్ళంలోనే మేర కొలిచి ఇచ్చేవారు. ఆ కొలతల్లో అన్యాయం లేదని నేననను. చాలానే ఉండేది. కానీ అది కొలిచి ఇచ్చేది. ఇన్ని కుంచాలు రావాలి అని అడిగే హక్కు పుచ్చుకునేవాడికి ఉండేది.

ఇప్పుడు కాలం మారింది. కంబళి పోయి కంపెనీ కారు వచ్చింది. ధాన్యం పోయి క్వార్టర్సు వచ్చాయి. క్లబ్బు సభ్యత్వం, ఫోను, పిల్లల చదువుకు సాయం, దీపావళికి మిఠాయి డబ్బా – ఇవన్నీ వచ్చాయి. వీటికి పెర్క్స్ అని ముద్దు పేరు కూడా వచ్చింది. మరి ఇవి జీతమా, కానుకలా? జీతమే అయితే పన్ను కట్టాలి. కానుకలైతే ఎందుకు కట్టాలి? సరే, కట్టాలనే అనుకుందాం. ఎవరు కట్టాలి? ఇచ్చినవాడా, పుచ్చుకున్నవాడా?

పైకి ఇది ఆఫీసు గుమాస్తాలు తల బద్దలు కొట్టుకోవలసిన ప్రశ్న. నాకు మాత్రం ఇది మన వంటింటి గుమ్మం దగ్గర నిలబడిన ప్రశ్నలా కనిపిస్తుంది. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

మన దేశంలో 2005లో ఒక కొత్త పన్ను వచ్చింది. పేరు ఫ్రింజ్ బెనిఫిట్ టాక్స్. ఫ్రింజ్ అంటే మరేమీ కాదు, చీర కొంగుకు వేలాడే కుచ్చులు. జీతం చీర అయితే, ఈ సదుపాయాలన్నీ దాని కుచ్చులన్నమాట. ఆ ఏడాది బడ్జెట్టులో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం గారు ఈ కుచ్చుల మీద ముప్ఫై శాతం పన్ను వేశారు. వింత ఏమిటంటే, ఆ పన్ను కట్టవలసింది సుఖపడిన ఉద్యోగి కాదు, ఆ సుఖాన్ని ఇచ్చిన యజమాని. కంపెనీ నష్టాల్లో ఉండి, ఆదాయపు పన్ను ఒక్క పైసా కట్టనవసరం లేకపోయినా సరే, ఇది మాత్రం కట్టాల్సిందే.

ఉద్యోగుల పండగ సంబరాలకు ఒక కంపెనీ లక్ష రూపాయలు ఖర్చు చేసిందనుకోండి. అందులో సగం, అంటే యాభై వేలు, ఉద్యోగులు పొందిన లాభమని చట్టం లెక్క కట్టేది. దాని మీద ముప్ఫై శాతం, అంటే పదిహేను వేలు పన్ను. ఆ పైన సర్‌ఛార్జీ, సెస్సూ సరే సరి. కానుకలకూ, క్లబ్బు ఖర్చులకూ ఇదే సగం లెక్క. అతిథి మర్యాదలకు అయిదో వంతు.

ఇచ్చినవాడిని ఎందుకు పట్టుకున్నారయ్యా అంటే, వాళ్ళు చెప్పిన కారణం సబబుగానే ఉంది. కారు ఒకరికే ఇస్తే ఎవరు వాడుకున్నారో తెలుస్తుంది, అతని జీతంలో కలిపి పన్ను వేయవచ్చు. కానీ పదిమందీ కలిసి అనుభవించిన దాన్ని ఎవరి ఖాతాలో రాస్తారు? పెళ్ళి విందులో ఎవరు ఎన్ని బూరెలు తిన్నారో ఎవరు లెక్కపెట్టగలరు? లెక్క తేలేది ఒక్కచోటే, వంటసామాను కొన్నవాడి దగ్గర. అందుకని అతన్నే అడిగారు. ఇది మన వాళ్ళకు కొత్తగా తోచిన ఊహేమీ కాదు. 1985లో న్యూజిలాండు, 1986లో ఆస్ట్రేలియా ఈ పన్నును యజమానుల మీద వేశాయి. మన పిల్లలు బోలెడుమంది ఉద్యోగాలు చేసుకుంటున్న ఆ ఆస్ట్రేలియాలో 2017 నుంచి దీని రేటు నలభై ఏడు శాతం.

మన దగ్గర మాత్రం నాలుగేళ్ళకే ఇది మూతపడింది. కంపెనీలవాళ్ళు గొల్లుమన్నారు. సమావేశాల ఖర్చులోనూ, సరుకు అమ్ముకోవడానికి చేసే ప్రచారం ఖర్చులోనూ కూడా కొంత భాగం ఉద్యోగుల సుఖమేనని చట్టం అనుకునేది మరి. వ్యాపారం కోసం పెట్టిన ఖర్చు కూడా విలాసమేనా అని వాళ్ళ బాధ. 2009 జూలై బడ్జెట్టులో ప్రణబ్ ముఖర్జీ గారు దాన్ని ఎత్తేశారు. ఎవరికి ఎంత ముట్టిందో తేల్చగలిగిన సదుపాయాలు మళ్ళీ పుచ్చుకున్నవాడి జీతంలో చేరాయి.

అసలు దయగా ఇచ్చిన దాని మీద పన్నేమిటి, ఈ సర్కారుకు వేరే పని లేదా అని మీకు అనిపించవచ్చు. దానమిచ్చిన ఆవుకు పళ్ళెంచకూడదంటారు. ఆ పళ్ళెంచడమే పన్ను ఆఫీసరు ఉద్యోగం, పాపం! కానీ ఒక్క క్షణం ఆలోచించండి. ఒకాయనకు నెలకు లక్ష రూపాయల జీతం, దాంట్లోంచే అద్దె కట్టుకుంటాడు, స్కూటరుకు పెట్రోలు పోయించుకుంటాడు. పక్కింటాయనకు డెబ్బై వేలే జీతం, కానీ ఇల్లూ, కారూ, డ్రైవరూ కంపెనీవే. జీతం ఒక్కటే చూసి పన్ను వేస్తే మొదటాయనే ఎక్కువ కడతాడు. ఇది న్యాయమా?

ఈ కథ వెనక ఇంకో కథ ఉంది. అది చదివినప్పుడు నాకు భలే ఆశ్చర్యమనిపించింది. ఇంగ్లండులో ఒకప్పుడు ఫ్యాక్టరీ యజమానులు కూలీలకు డబ్బుకు బదులు సరుకులిచ్చేవారు. తమ సొంత కొట్లోనే కొనుక్కోమని చీటీలు రాసిచ్చేవారు. ఆ కొట్లో పిండి నాసి, ధర హెచ్చు. ఈ మోసం భరించలేక 1831లో ట్రక్ యాక్ట్ అని ఒక చట్టం చేసి, ఆ చట్టం కిందికి వచ్చే పనివాళ్ళకు కూలి నాణేల్లోనే ఇవ్వాలన్నారు. సరిగ్గా నూరేళ్ళు దాటేసరికి కథ అడ్డం తిరిగింది. యుద్ధకాలంలో పన్నులు పెరిగాయి. అమెరికాలో 1942లో జీతాలు పెంచడం మీద ప్రభుత్వం కట్టడి పెట్టింది. అప్పుడు యజమానులు డబ్బు బదులు ఆరోగ్య బీమా లాంటివి ఇచ్చి మంచి పనివాళ్ళను నిలుపుకున్నారు. పెద్ద ఉద్యోగులు, "మాకు డబ్బొద్దు, కారివ్వండి, ఇల్లివ్వండి" అనడం మొదలెట్టారు.

చూశారా? డబ్బు కాకుండా వస్తువివ్వడం పేదవాడి పాలిట దగా అయింది, పెద్దవాడి పాలిట వరమయింది. వస్తువు అదే. తేడా ఎక్కడుంది? కావాలని అడిగి పుచ్చుకున్నవాడు ఒకడు. ఇచ్చింది పుచ్చుకోక తప్పనివాడు ఇంకొకడు.

ఇక వస్తువుకు విలువ కట్టడం దగ్గర పెద్ద పెద్ద జడ్జీలే తికమక పడ్డారు. 1892లో స్కాట్లండులోని మాంట్రోజ్ అనే ఊళ్ళో ఒక బ్యాంకు ఏజెంటు వ్యవహారం లండనులో ప్రభువుల సభ దాకా వెళ్ళింది. అతను కాపలాగా బ్యాంకు భవనంలోనే కాపురముండాలని బ్యాంకువాళ్ళ షరతు. ఆ ఇంటి విలువ అతని ఆదాయంలో కలపాలా వద్దా అని తగువు. కలపనక్కరలేదని తీర్పు వచ్చింది. ఎందుకంటే ఆ ఇంటిని అతను అద్దెకు ఇచ్చుకోలేడు, డబ్బుగా మార్చుకోలేడు.

1961లో అదే దేశంలో ఇంకో సరదా తీర్పు. ఒక కంపెనీ క్రిస్మసు పండక్కి తన ఉద్యోగులకు సూట్లు కుట్టించి ఇచ్చింది. ఒకాయన సూటుకు కంపెనీకి అయిన ఖర్చు సుమారు పదిహేను పౌన్లు. కోర్టు మాత్రం అయిదు పౌన్ల మీదే పన్ను కట్టమంది. అతను దాన్ని బజారులో అమ్ముకుంటే పాత బట్టల ధరే కదా పలికేది! పెద్ద జీతగాళ్ళకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఏడాదికి రెండు వేల పౌన్లు, ఆ పైన సంపాదించేవాళ్ళకూ, డైరెక్టర్లకూ 1948 చట్టం యజమానికైన ఖర్చునే లెక్క కట్టింది.

అంటే ఒకే వస్తువుకు రెండు ధరలు. ఇచ్చినవాడికి ఎంతయింది అన్నదొకటి, పుచ్చుకున్నవాడికి ఎంత పనికొచ్చింది అన్నదొకటి. ఈ రెండింటి మధ్యా ఎంత దూరముందో బీరువాలు సర్దుకునే మనకు తెలియనిది కాదు.

ఇప్పుడు వంటింటి గుమ్మం దగ్గరికి వద్దాం. 2005 నాటి ఆ చట్టం యజమానులందరినీ పట్టుకోలేదు. కొందరిని వదిలేసింది. వాళ్ళలో వ్యక్తులున్నారు, హిందూ అవిభక్త కుటుంబాలున్నాయి. అంటే అచ్చంగా మన ఇళ్ళే! జీతంతో పాటు చీర, టిఫిను, పండక్కి ఇనాము, ఇంట్లో మిగిలిన కూర, పిల్లకు పుస్తకాలు – ఇన్ని కుచ్చులు వేలాడదీసి ఉద్యోగమిచ్చేది దేశంలో మనకంటే ఎవరున్నారు? మనకు పన్ను లేదు. లెక్క అడిగే ఆఫీసరు లేడు. అందుకే మన లెక్కను మనమే చూసుకోవాలి.

నాకు తెలిసిన ఒకావిడ ఇంట్లో ఈమధ్య జరిగింది చెబుతాను. చాలా మంచావిడ. ఎంగిలి చేత్తో కాకిని తోలని రకం కాదు. ఆవిడ ఇంట్లో ఆరేళ్ళుగా పని చేస్తున్న మనిషి, నెలకు ఇంకో అయిదు వందలు పెంచమని అడిగింది. ఆవిడకు మనసు చివుక్కుమంది.

"పోయిన దసరాకు చీర పెట్టానా లేదా? నీ కూతురి పుస్తకాలకు ఇచ్చానా లేదా? రోజూ టిఫిను కట్టి నీ ఇంటికి పంపడం లేదూ?" అంది.

"పెట్టారమ్మా, కాదంటానా? మీ పేరు చెప్పుకునే తింటున్నాం. కానీ ఇంటి అద్దెకు ఇడ్లీలు పుచ్చుకోరు గదమ్మా" అంది ఆ మనిషి.

మాంట్రోజ్ బ్యాంకు ఏజెంటు వ్యవహారంలో ప్రభువుల సభ చెప్పిందీ ఇదే. డబ్బుగా మారనిది ఆదాయం కాదు. ఆ మాట చెప్పడానికి వాళ్ళకు లాయర్లూ, వాదోపవాదాలూ కావలసి వచ్చాయి. ఈమెకు చీపురు పక్కన పెట్టేంత సేపు చాలింది.

మా స్నేహితురాలు మాత్రం, "విశ్వాసం లేదండీ ఈ రోజుల్లో" అని నాతో చెప్పుకుని బాధపడింది. అప్పటి నుంచీ నేను ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ చీర పెట్టిన రోజున అది కానుక. ఆ రోజు ఆ మనిషి దణ్ణం పెట్టింది, సంతోషపడింది. ఆ దణ్ణం తీసుకోవడం అయిపోయింది. తీరా జీతం మాట వచ్చేసరికి అదే చీర కానుకల పద్దులోంచి లేచి వచ్చి జీతం పద్దులో కూర్చుంది. ఒకే ఖర్చును రెండు పద్దుల్లో రాస్తే ఏ ఆడిటరైనా ఊరుకుంటాడా? పైగా ఏ ధరకు రాశాం? మనం కొన్న నాటి ధరకు. ఎనిమిదేళ్ళు కట్టి, అంచు పిగిలిన చీరను మూడు వేల చీర అని మనం లెక్కేసుకుంటాం. అవతలి మనిషికి అది మూడు వేలు కాదు, మూడు వందలు కూడా కాదు.

ఇంకో సంగతి. డబ్బు ఇస్తే దాన్నేం చేసుకోవాలో పుచ్చుకున్న మనిషి ఇష్టం. అద్దె కడుతుందో, మందులు కొంటుందో, పిల్లకు గాజులు కొంటుందో. వస్తువు ఇస్తే ఆమెకేం కావాలో నిర్ణయించింది మనం. ఆ నిర్ణయాధికారం మన దగ్గరే అట్టేపెట్టుకుని, మిగతాది ఆమెకిస్తున్నాం. 1948 నాటి కనీస వేతనాల చట్టం రాసినవాళ్ళకు ఈ కిటుకు తెలుసు. కనీస వేతనం డబ్బుగానే ఇవ్వాలన్నారు. వస్తురూపంలో ఇవ్వడం ఆచారంగా ఉన్నచోట, ప్రభుత్వం అనుమతిస్తేనే అలా ఇవ్వవచ్చన్నారు. జీతం తగ్గించి, మిగతాది మా దయ అనడానికి వీల్లేకుండా చేశారు.

ఇది మనకు ఇంకొకరు నేర్పాలా, చెప్పండి? మనలో ఎంతమంది, "నీకేం తక్కువ? తిండి లేదా, బట్ట లేదా, ఉండటానికి ఇల్లు లేదా?" అన్న మాట వినలేదు? ఆ మాటలో అబద్ధం లేదు. తిండీ ఉంది, బట్టా ఉంది, ఇల్లూ ఉంది. అయినా పుట్టింటికి వెళ్ళడానికి బస్సు ఛార్జీ అడగవలసి వచ్చినప్పుడు, చెల్లెలి కూతురికి పుట్టినరోజు గౌను కొనడానికి ముందుగా కారణం చెప్పుకోవలసి వచ్చినప్పుడు, ఏం లోటో మనకు తెలుస్తుంది. బత్తెం ఉంది, జీతం లేదు. పోపుల డబ్బాలో పది రూపాయలు దాచుకున్న ఆడది, తన చేతిలో సొంతంగా ఉండే చిన్న నోటుకు ఎంత విలువో ఎరుగును. అది ఎరిగినవాళ్ళమే, గుమ్మం అవతల నిలబడ్డ మనిషి విషయంలో మరిచిపోతున్నామేమో అని నా అనుమానం.

అయితే ఏమంటావు, చీరలు పెట్టడం మానెయ్యమంటావా, పండగపూట పులిహోరకు కూడా రసీదు రాయమంటావా అని మీరు నన్ను నిలదీయవచ్చు. అదేం మాట! అన్నీ డబ్బులోకి మార్చేస్తే ఇల్లు ఇల్లులా ఉండదు, కిరాణా కొట్టవుతుంది. జ్వరంతో వచ్చిన మనిషికి కాఫీ ఇచ్చి, ఇంటికెళ్ళి పడుకోమన్నప్పుడు లెక్కలేమిటి? ఆ మాత్రం చట్టానికీ తెలుసు. మన 1962 నాటి ఆదాయపు పన్ను నియమాల్లో పని వేళల్లో ఇచ్చే టీకీ, పలహారానికీ లెక్క కట్టలేదు. ఏడాదికి అయిదు వేల లోపు కానుకలను చాలా ఏళ్ళపాటు వదిలేశారు. ఆస్ట్రేలియాలో ఎప్పుడో ఒకసారి ఇచ్చే, మూడు వందల డాలర్ల లోపు చిన్న కానుకల జోలికి సాధారణంగా పోరు. అంత కఠినమైన పన్ను చట్టం కూడా, ఇంతవరకు ఇది మనుషుల మధ్య ఆప్యాయత, ఇక్కడ నాకు పని లేదు అని తలుపు దగ్గరే ఆగిపోతుంది.

ఆ తలుపు ఎక్కడుందో మన ఇళ్ళల్లో ఎలా తెలుసుకోవడం? నాకు ఒక్కటే గుర్తు కనిపిస్తోంది. ఇచ్చింది బేరంలో మనకు గుర్తొచ్చిందా, అది జీతం. గుర్తు రాలేదా, అది కానుక. జీతం అనుకుంటే దాపరికం వద్దు. పనిలో చేరేనాడే, "నెలకు ఇంత, రోజూ టిఫిను, దసరాకు కొత్త చీర" అని పాలేరుతో మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుందాం. వద్దు, టిఫిను బదులు డబ్బిమ్మని ఆమె అంటే అనే హక్కు ఉండాలి. కానుక అనుకుంటే, ఇచ్చిన క్షణమే దాన్ని మరిచిపోదాం. సెలవు అడిగినప్పుడూ, జీతం పెంచమన్నప్పుడూ, పని మానేస్తానన్నప్పుడూ కూడా అది మన నోట రాకూడదు. ఇవ్వవలసిన జీతం పూర్తిగా ఇచ్చాక పెట్టిన చీరే పెట్టుపోత. జీతంలో కోత పెట్టి ఇచ్చిన చీర, ఆమె సొమ్ముతో ఆమెకే కొనిపెట్టిన చీర.

నాలుగేళ్ళే బతికిన ఆ ఫ్రింజ్ బెనిఫిట్ టాక్సు మంచిదా చెడ్డదా అని తేల్చడం నా వల్ల కాదు. లెక్కల్లో దాని తప్పులు దానికున్నాయి. కానీ దాని మూలంలో ఉన్న ఒక ఊహ మాత్రం నాకు నచ్చింది. ఇవ్వడంలో ఒక ఖర్చు ఉంటుంది, ఆ ఖర్చు ఇచ్చినవాడే భరించాలి అన్న ఊహ. మన ఇళ్ళల్లో ఆ ఖర్చును తరచు పుచ్చుకున్నవాళ్ళ దగ్గరే వసూలు చేస్తున్నాం. వాళ్ళు తలొంచుకు నిలబడాలి, ఎదురు చెప్పకూడదు, పెంచమని అడగకూడదు, పిలిచినప్పుడు ఆదివారమైనా రావాలి. దానికి మనం విశ్వాసం అని పేరు పెట్టుకున్నాం.

వచ్చే దసరాకు మనమందరం చీరలు పెట్టే ఉంటాం, పెట్టాలి కూడా. పెట్టేముందు, ఈ ఏడాది జీతం ఎంత పెంచాలో ఆమెతో కూర్చుని మాట్లాడి, అది తేల్చేసి, ఆ తర్వాత బొట్టు పెట్టి చీర చేతికిద్దాం. అప్పుడు ఆమె నవ్వితే, ఆ నవ్వు చీరకే వచ్చిందని మనకు నమ్మకంగా తెలుస్తుంది.